ఏడు నిమిషాల పాఠం

జనక్‌పురి, న్యూఢిల్లీ
29 అక్టోబరు 1994

పెదనాన్నగారికి, పెద్దమ్మకి హైమ నమస్కారాలు.

దీపావళి ఇంకా ఐదు రోజులుండగానే మా వీధిలో పిల్లలు టపాకాయలు మొదలుపెట్టేశారు. ఇంటివాళ్ళ ఆంటీ గోడలకి సున్నం వేయిస్తోంది. నా మంచం, పుస్తకాలు, స్టవ్వు అన్నీ వరండాలోకి వచ్చేశాయి. ఆ మంచం మీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. కాబట్టి ఏడవడానికి వీల్లేదు. అదీ ఒకందుకు మంచిదే.

ఈ విషయం నాన్నకి తెలియనివ్వకండి. పెద్దమ్మకి చెప్పినా ఫరవాలేదు, ఆవిడ నోరు గట్టిది. నా భయమంతా మీ గురించే.

సోమవారం మా ప్రిన్సిపల్ మల్హోత్రా మేడమ్ నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చింది. దాని కింద నలభై రెండు సంతకాలు. మా బీఏ రెండో సంవత్సరం అమ్మాయిలవి. "హైమవతి మేడమ్‌కి స్టాటిస్టిక్స్ బాగా వచ్చు. మాకు చెప్పడం రాదు. దయచేసి వేరే టీచర్ని ఇవ్వండి" అని రాసుంది. రాసింది వైశాలి. మొదటి బెంచీలో కూర్చుని తలవంచుకుని అన్నీ రాసుకునే పిల్ల. ఆ గుండ్రటి అక్షరాలు పరీక్ష పేపర్లలో చూసినవే.

"జనవరితో మీ ప్రొబేషన్ అయిపోతుంది హైమవతీ. మిమ్మల్ని ఉంచుకోవాలా వద్దా అని నేను కమిటీకి రాయాలి. ఏం రాయమంటారు?" అంది మల్హోత్రా మేడమ్. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నయం.

తరవాత ఆవిడే ఒక దారి చూపించింది. కాలేజీ లెక్చరర్లకి పాఠం చెప్పడం నేర్పే శిక్షణ ఒకటుంది, నాలుగు వారాలు. నవంబరు ఏడున మొదలు. నాకిది వింతగా అనిపించింది పెదనాన్నా, కానీ ఆలోచిస్తే నిజమే. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ ఇచ్చారు. ఉద్యోగం ఇచ్చారు. మర్నాడు చేతికి చాక్‌పీసు ఇచ్చారు. పాఠం ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ శిక్షణ దక్షిణ ఢిల్లీలో. ఇక్కణ్ణించి రెండు బస్సులు మారాలి. అందుకని నెల రోజులు బేర్ సరాయ్‌లో తేజశ్రీ గదిలో ఉంటాను. సివిల్స్‌కి చదువుతున్న నా స్నేహితురాలు, మీకు తెలుసుగా. ఉత్తరాలు ఆ అడ్రసుకి రాయండి, వెనక రాశాను.

ఉద్యోగం పోతే నాన్న ఏమంటారో మీకు తెలుసు. "చెప్పానా, వచ్చి బ్యాంకు పరీక్షలు రాసుకో" అంటారు. ఆ మాట వినడం కన్నా ఏడు సముద్రాలు ఈదడం తేలిక.

మీ హైమ

*

విజయనగరం
5 నవంబరు 1994

చిరంజీవి హైమకి మీ పెదనాన్న భీమేశ్వరరావు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవగానే నోటికొచ్చిన మాట ఒకటే: ఎవర్ని గుద్దేశావు? మా ఆర్టీసీలో ఉద్యోగంలో ఉన్నవాణ్ణి మళ్ళీ ట్రైనింగుకి పంపారంటే వాడు కల్వర్టునో గేదెనో గుద్దాడన్నమాట. ముప్ఫై ఏళ్ళు అలాంటివాళ్ళకీ, కొత్తవాళ్ళకీ డ్రైవింగు నేర్పి రిటైరయ్యాను కనక చెబుతున్నాను, అదేమీ పరువు తక్కువ కాదు. గుద్ది తిరిగొచ్చినవాడే తరవాత జాగ్రత్తగా నడుపుతాడు. నువ్వు గుద్దింది నలభై రెండు మందిని. కొంచెం ఎక్కువే. సరే.

ధైర్యం చెప్పమంటే నాకు చేతకాదు గాని ఒక సంగతి చెబుతాను. సంతకాలు నలభై రెండు అన్నావు. క్లాసులో మొత్తం ఎందరో చెప్పలేదు. అరవైమందైతే పద్దెనిమిదిమంది నీ వైపున్నట్టే కదా. లేకపోతే ఆ రోజు రానివాళ్ళా? లెక్కల మనిషివి, కనుక్కో.

లెక్కలంటే గుర్తొచ్చింది. మా డిపోలో బోర్డు మీద "అరగంటకొక బస్సు" అని రాసేవాళ్ళం. నిజంగా జరిగేదేమిటంటే, రెండు బస్సులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేసేవి, ఆ తరవాత గంట దాకా నరమానవుడు లేడు. పై ఆఫీసుకి పంపే కాగితంలో సగటు మాత్రం చక్కగా అరగంటే వచ్చేది. కాగితం చూసినవాళ్ళు శభాష్ అనేవారు, స్టాండులో నిలబడ్డవాళ్ళు మా అమ్మనీ అబ్బనీ తలుచుకునేవారు.

ఇక్కడ కొత్త గొడవ. మీ పెద్దమ్మ మోపెడ్ నేర్చుకుంటానంటోంది. యాభై నాలుగేళ్ళ వయసులో. "మీ స్కూటరు తుడవడం అయ్యేసరికి బజారు మూసీస్తారు. నేనే వెళ్ళి వచ్చీస్తాను" అంటుంది. పదకొండు వందల మందికి నేర్పినవాణ్ణి, ఈవిడొక లెక్కా అని రేపు మైదానానికి తీసుకెళ్తున్నాను. మీ నాన్నకి చెప్పను. ఒట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న

*

బేర్ సరాయ్, న్యూఢిల్లీ
12 నవంబరు 1994

పెదనాన్నగారూ,

క్లాసులో మొత్తం నలభై నాలుగు మంది. మిగిలిన ఇద్దరికీ కామెర్లు. మీ లెక్క అలా తేలింది.

తేజశ్రీ గది మీరు చూడాలి. రెండు మంచాలు వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. గోడలనిండా రాజ్యాంగం అధికరణలు అంటించింది. నిద్ర లేవగానే నాకు కనబడేది సమానత్వపు హక్కు. కింద పుస్తకాల షాపులు, జిరాక్సు మిషన్లు, మెస్సులో రోజూ రాజ్మా. మెస్ భయ్యాకి సాంబారంటే ఏమిటో తేజశ్రీ మూడు నెలలుగా నేర్పుతోంది. వచ్చింది, కానీ దాంట్లోనూ రాజ్మా వేస్తున్నాడు.

శిక్షణ సంగతి. ముప్ఫై మందిమి. అందరం లెక్చరర్లమే. నడిపేది సబర్వాల్ మేడమ్, అరవైకి దగ్గర, పొట్టి మనిషి, చెవికి పెన్సిలు. మొదటి రోజే అంది: "ఇక్కడ ఉపన్యాసాలుండవు. ఒక్కొక్కరు ఏడు నిమిషాల పాఠం చెప్పాలి. వీడియో తీస్తాం. చూసి, మాట్లాడుకుని, మళ్ళీ చెప్పాలి."

బుధవారం నా వంతు. ఏడు నిమిషాలు అయ్యాక టీవీలో టేపు వేశారు. పెదనాన్నా, నా వీపుని నేను జీవితంలో మొదటిసారి చూశాను. ఏడింట్లో ఐదున్నర నిమిషాలు అదే కనబడింది. బోర్డు మీద చీమల్లాంటి అక్షరాలు, దాని ముందు ఒక జడ, జడ లోంచి ఒక గొణుగుడు. సబర్వాల్ మేడమ్ టేపు ఆపి, "హైమవతీ, బ్లాక్‌బోర్డుకి స్టాటిస్టిక్స్ బాగా వచ్చేసింది. ఇక అమ్మాయిల సంగతి చూద్దామా?" అంది.

శుక్రవారం రెండోసారి. అది ఇంకా దారుణం. చివరి బెంచీలో రామమోహనరావుగారని ఒకాయన, మన తెలుగాయనే, యాభై ఏళ్ళుంటాయి, నేను మొదలుపెట్టగానే ఈల వేశాడు. ముందాయన చొక్కా లాగాడు. నేను బోర్డువైపు తిరగగానే చాక్ ముక్క విసిరాడు, నా భుజానికి తగిలింది. అందరూ నవ్వారు. మేడమ్ ఆపలేదు సరికదా, "ఇంకొంచెం గట్టిగా" అంది ఆయనతో. ఎలాగో ఏడు నిమిషాలు అవగొట్టి, టేపు చూసి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

జాగా అయిపోయింది. ఉంటాను.

హైమ

(అంటించే అంచు మీద రాస్తున్నాను. ఆయన చేసిందంతా నటన. మాలో కొందరం అల్లరి విద్యార్థుల్లా చెయ్యాలి, అది పాఠంలో భాగం. నిజానికి ఆయన చాలా నెమ్మదస్తుడు. కంగారుపడకండి.)

*

విజయనగరం
18 నవంబరు 1994

చిరంజీవి హైమకి,

నీ ఇన్‌లాండ్ కవరు నిన్న అందింది. మీ పెద్దమ్మ పళ్ళెంలోని బియ్యం పక్కన పెట్టి ఆత్రంగా చింపితే అంచు కాస్తా ముక్కలై చెత్తలోకి పోయింది. దాని మీద ఏమైనా రాశావేమో తెలియదు. మిగిలింది చాలు. చదివాక నాకు అన్నం సయించలేదు.

యాభై ఏళ్ళ మనిషి, పైగా తెలుగువాడు, ఆడపిల్ల మీద చాక్ ముక్క విసరడమా. పెద్దావిడ ఉండి "ఇంకొంచెం గట్టిగా" అనడమా. నువ్వు ఏడవడమా. ఏం శిక్షణ ఇది?

నేను ఊరుకోలేదు. ఆ శిక్షణ నడిపే అధికారికి ఇంగ్లీషులో మూడు పేజీల ఉత్తరం రాసి ఇవాళే రిజిస్టర్ పోస్టు చేశాను. నేనెవర్నో, ఎంతమందికి నేర్పానో, ఎలా నేర్పానో, అన్నీ వివరంగా రాశాను. ముప్ఫై ఏళ్ళలో నా దగ్గర నేర్చుకునేవాణ్ణి చూసి పదిమంది నవ్వితే నేను చూస్తూ కూర్చోలేదని రాశాను. పదిరోజుల్లో జవాబు రాకపోతే రైలెక్కి స్వయంగా వస్తానని కూడా రాశాను. రామమోహనరావు పేరు రెండుచోట్ల గీత గీసి మరీ రాశాను. నువ్వు ధైర్యంగా ఉండు.

మీ పెద్దమ్మ డ్రైవింగు ఆగిపోయింది. నాలుగో రోజు మైదానం పక్కన కాలవలోకి పోనిచ్చింది. లోతు లేదు, దెబ్బలు తగల్లేదు. "బ్రేకు ఎక్కడుంది, కళ్ళెక్కడున్నాయి, హ్యాండిలు పట్టుకోవడం అదా, ఎక్కిలరేటరు చూసుకోవా" అని నేను ఒడ్డునుంచి అడుగుతూనే ఉన్నాను. ఆవిడ బురద చీరతో లేచి, బండి అక్కడే వదిలేసి నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాకు కాఫీ బల్ల మీద పెడుతోంది, చేతికివ్వడం లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న

*

బేర్ సరాయ్
25 నవంబరు 1994

పెదనాన్నగారికి,

మీరు నాకు రాసింది, వాళ్ళకి రాసింది ఒకరోజు తేడాలో వచ్చాయి. వాళ్ళది ముందొచ్చింది.

బుధవారం సబర్వాల్ మేడమ్ నన్నూ, రామమోహనరావుగారినీ తన గదికి పిలిచింది. ఉత్తరం ఆయన చేతికిచ్చింది. తన పేరు కింద గీత చూసి ఆయన ముఖం పాలిపోయింది. పెదనాన్నా, ఆ అంచు మీద నేను రాసింది ఇదీ: అదంతా నటన. పాఠం చెప్పేవాడు రేపు నిజం క్లాసులో ఎదుర్కోవలసిన అల్లరి ఇక్కడే ఎదుర్కోవాలని, మాలో మేమే పిల్లల వేషాలు వేస్తాం. ఆయన ఇరవై రెండేళ్ళుగా సంస్కృతం చెబుతున్నారు, ప్రమోషనుకి ఈ సర్టిఫికెట్ కావాలని వచ్చారు. చీమకి కూడా దారి ఇచ్చే మనిషి. "అమ్మా, నిజంగానే బాధపెట్టానా? నాకూ నీ ఈడు కూతురుంది" అన్నారు. నేలలోకి దూరిపోదామనిపించింది. మర్నాడు సరోజినీ నగర్ నుంచి వాళ్ళావిడ కృష్ణకుమారిగారు నాకోసం పులిహోర పంపింది. తినలేకపోయాను. తేజశ్రీ తినేసింది.

నేను ఏడ్చింది చాక్ ముక్క తగిలినందుకు కాదు. ఆయన వేసిన ఈల అచ్చం మా క్లాసులో వినబడే ఈల. రెండేళ్ళుగా దాన్ని వినబడనట్టు నటిస్తున్నాను. అది టీవీలో కనబడింది. అంతే.

మీరు నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఉత్తరం రాయనా అని. నాకు ఇరవై ఏడేళ్ళు. నా తరఫున అందరూ సంతకాలు పెట్టేస్తున్నారు. అమ్మాయిలూ, మీరూ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. సబర్వాల్ మేడమ్ మీ ఉత్తరంలో ఒక పేరా క్లాసులో చదివి వినిపించింది. పేరు చెప్పకుండానే. కొత్త డ్రైవర్ని మూడు రోజులు స్టీరింగు ముట్టుకోనివ్వనని, బస్సులో ఆఖరి సీట్లో కూర్చోబెడతానని రాశారుగా. బ్రేకు వేసినప్పుడల్లా వెనక కూర్చున్నవాడి నడుం ఏమవుతుందో వాడికి తెలియాలని. చదవడం అయ్యాక ఆవిడ కాగితం మడిచింది. తరవాత ముప్ఫై మందినీ ఆఖరి బెంచీల్లోకి పంపి, అక్కణ్ణించి మా టేపులు మమ్మల్ని చూడమంది. అక్కణ్ణించి నా గొంతు నాకే వినబడలేదు. నేను రాసిన ఒక్క అక్షరం కూడా నాకే కనబడలేదు. రెండేళ్ళు ఆ పిల్లలు అక్కడ కూర్చున్నారు.

కోపంలోనే ఉన్నాను కనక ఇదీ రాసేస్తాను. ఇక్కడ ఒక నియమం ఉంది. పాఠం అయ్యాక ముందు బాగున్నదేదో చెప్పాలి. తరవాత దిద్దుకోవాల్సింది ఒక్కటే చెప్పాలి, పది కాదు. ఒడ్డున నిలబడి మీరు పెద్దమ్మని ఎన్ని అడిగారో మీ ఉత్తరంలోనే లెక్కపెట్టాను. నాలుగు. ఆవిడ కాలవలో ఉండగా.

హైమవతి

*

విజయనగరం
1 డిసెంబరు 1994

చిరంజీవి హైమవతికి,

ఉత్తరం అందింది. రామమోహనరావుగారికి విడిగా క్షమాపణ రాశాను. సబర్వాల్‌గారికి కూడా. ఇక ముందు నీ వ్యవహారాల్లో నేను కలగజేసుకోను. నేర్పడం నాకు తెలియదని ఇన్నాళ్ళకి తెలుసుకున్నాను. పదకొండు వందలమందీ వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుని ఉంటారు.

మీ పెద్దమ్మ కులాసా. రోజూ పొద్దున్నే భజనకని వెళ్తోంది. కాఫీ ఇంకా బల్ల మీదే.

భీమేశ్వరరావు

*

జనక్‌పురి
9 డిసెంబరు 1994

పెదనాన్నా,

మీ ఉత్తరం తొమ్మిది వాక్యాలు. మీరు నాకు రాసిన ఉత్తరాల్లో ఇంత చిన్నది లేదు. ఇల్లు మారినప్పుడు రాసిన పోస్టుకార్డులో కూడా పక్కింటి కుక్క సంగతి రాశారు.

నేర్పడం మీకు రాదని నేను అనలేదు. మీరు చెప్పిన ఆఖరి సీటు వల్లే నేనీ నెల గట్టెక్కాను. కాకపోతే రాసే తీరులో తొందరపడ్డాను. మీరు రిజిస్టర్ పోస్టులో తొందరపడ్డట్టు. మన ఇంటి రక్తం అది, ఏం చేస్తాం.

డిసెంబరు రెండున ఆఖరి పాఠం. అంశం "స్టాండర్డ్ డీవియేషన్". అంటే సగటు నుంచి అంకెలు ఎంత అటూ ఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. రెండేళ్ళుగా నేను దీన్ని సూత్రంతో మొదలుపెట్టి సూత్రంతో ముగించాను. ఈసారి బోర్డు మీద ఏమీ రాయకుండా వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను. "మీ స్టాపులో రెండు బస్సులు. ఒకటి పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి నిమిషాల తేడాతో వస్తుంది. రెండోది రెండు, మూడు, యాభై ఐదు. రెండింటి సగటూ ఇరవయ్యే. మీరు ఏ బస్సుని నమ్ముతారు?" అన్నాను. మొదటిదన్నారు అందరూ. "సగటు ఒకటే కదా, మరి తేడా ఏమిటి?" అన్నాను. అప్పుడు మొదలైంది. ఢిల్లీలో బస్సు కోసం నిలబడనివాడు లేడు కదా. చరిత్ర చెప్పే ఆయన లేచి తన రూటు మీద ఒక ప్రసంగమే చేశాడు. రామమోహనరావుగారు అల్లరి వేషంలో ఉండి కూడా ఈల వేయడం మరిచిపోయి, "అయితే ఆ చెదరడాన్ని కొలవొచ్చా?" అని అడిగారు. అది కావాలి నాకు. అప్పుడు రాశాను సూత్రం, పెద్ద అక్షరాలతో.

ఈ బస్సు లెక్క ఎక్కడిదో మీకు చెప్పక్కర్లేదు. మీ డిపో బోర్డుదే.

సబర్వాల్ మేడమ్, "మొహం చూపించారు, బాగుంది. ఒక్కటే దిద్దుకోండి. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగండి. మీరు ఆగరు, మీరే చెప్పేస్తారు" అంది. ఆ ఒక్కటీ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను.

సోమవారం మా కాలేజీకి వెళ్ళాను. ధైర్యం చేసి క్లాసులో చీటీలు పంచి, ఏది అర్థం కాలేదో పేర్లు లేకుండా రాయమన్నాను. హిందీలో రాసినా ఫరవాలేదన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి చదివాను. గుండ్రటి అక్షరాల చీటీ ఒకటుంది. "సెప్టెంబరు నుంచి అన్నీ" అని మూడే మాటలు.

మర్నాడు వాళ్ళకి చెప్పాను: తప్పు మీది కాదు. సెప్టెంబరు నుంచి మళ్ళీ మొదలుపెడదాం. పొద్దున్న ఎనిమిదిన్నరకి, కాలేజీ మొదలవకముందు, వచ్చేవాళ్ళు రండి. నిన్న మొదటి రోజు. ముగ్గురొచ్చారు. వాళ్ళలో ఇద్దరు కామెర్లు వచ్చినవాళ్ళు, సంతకం పెట్టనివాళ్ళు. మూడో అమ్మాయి వైశాలి.

పెద్ద ఉత్తరం రాయండి.

హైమ

*

విజయనగరం
16 డిసెంబరు 1994

చిరంజీవి హైమకి పెదనాన్న ఆశీస్సులు.

ఇదిగో పెద్ద ఉత్తరం. కుక్క కూడా ఉంది, చివర్న.

నా మనసు కష్టపడ్డ మాట నిజం. జవాబు రాసేశాక నాలుగు రోజులు నీ కోపం ఉత్తరం అలమారలో పడేసి, ఐదో రోజు మళ్ళీ తీసి చదివాను. నాలుగు అని నువ్వు లెక్కపెట్టావు కదా, నేను రాయనివి ఇంకో ఆరున్నాయి. కాలవ ఒడ్డున అడిగినవి మొత్తం పది.

మొన్న ఆదివారం గంటస్తంభం దగ్గర కూరలు కొంటున్నాను. నా పక్కనుంచి ఒక మోపెడ్ వెళ్ళింది. నడిపే మనిషి చీర చూస్తే మా ఇంట్లో చీర. వెనక మన పక్కింటి భానుశ్రీ, ఇంటర్ చదివే పిల్ల, బండి వాళ్ళదే. నేను వంకాయలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మీ పెద్దమ్మ నన్ను చూసింది. ఆగలేదు. మలుపు దగ్గర చెయ్యి చాపి, వెనక చూసుకుని, చక్కగా తిరిగింది. ఆ మలుపు అంత శుభ్రంగా తిరిగినవాళ్ళని నా సర్వీసులో కొందరినే చూశాను.

భజన అంటే ఇదన్నమాట. మూడు వారాలుగా.

ఇంటికొచ్చాక ఎలా అడగాలో తెలీక చాలాసేపు తచ్చాడాను. చివరికి, "మలుపు బాగా తిరిగావు" అన్నాను. ఇంకేమీ అనలేదు, నీ నియమం ప్రకారం. ఆవిడ కందిపప్పు ఏరడం ఆపి నా మొహం చూసింది.

"ఒంట్లో బాగుందా?" అంది.

"బాగానే ఉంది. ఆ పిల్ల నీకెలా నేర్పింది?"

"ఏటీ నేర్పలేదండీ. వెనకాల కూర్చుంది, అంతే. పడిపోతానేమో అనీసి నేనంటే, పడితే ఇద్దరం పడతాం కదా పెద్దమ్మా అంది."

హైమా, నేను ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చునే నేర్పాను. నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండేది. బస్సు గుద్దితే నేనూ గుద్దినట్టే. అందుకే నా నోరు ఎంత పెద్దదైనా వాళ్ళు భరించారు. మీ పెద్దమ్మ విషయంలో మాత్రం ఒడ్డున నిలబడ్డాను. ఎందుకలా చేశానో తెలియదు. ఇంట్లోవాళ్ళకి నేర్పేటప్పుడు మనిషి అలా అయిపోతాడేమో.

రామమోహనరావుగారు జవాబు రాశారు. ఒక పేజీ సంస్కృతం, ఒక పేజీ దానికి అర్థం. మంచాయన. వేసవికి సింహాచలం వస్తే మా ఇంటికి రమ్మన్నాను. మీ నాన్న మొన్న వచ్చాడు. ఏమీ చెప్పలేదు. "హైమ ఎలా ఉంది" అంటే "పాఠాలు చెబుతోంది" అన్నాను. అది నిజమే కదా.

పక్కింటి కుక్క పిల్లల్ని పెట్టింది. ఐదు.

ఆశీస్సులతో,
పెదనాన్న

*

జనక్‌పురి
27 జనవరి 1995

పెదనాన్నకి, మోపెడ్ పెద్దమ్మకి,

నిన్న రిపబ్లిక్ డే సెలవు. ఇవాళ కూడా కాలేజీ లేదు కనక తీరిగ్గా రాస్తున్నాను. నెల దాటింది మీకు రాసి, తప్పే. పొద్దున్న ఏడింటికి బయల్దేరి పొగమంచులో బస్సు వెతుక్కోవడం, సాయంత్రం మర్నాటి పాఠం తయారుచేసుకోవడం, దీంతోనే సరిపోయింది.

ఎనిమిదిన్నర క్లాసుకి మొదట ముగ్గురని రాశాను కదా. వారానికి తొమ్మిదిమంది అయ్యారు. సెలవుల తరవాత ఇరవై ఆరుమంది. చలికి అందరూ శాలువాల్లో ముడుచుకుని, కళ్ళు మాత్రం కనబడేలా కూర్చుంటారు. వాళ్ళు హిందీలో అడుగుతారు, నేను నా హిందీలో చెబుతాను. నా హిందీకి వాళ్ళు నవ్వుతారు. మొదట్లో గుండెలో గుచ్చుకునేది. ఇప్పుడు వాళ్ళే దిద్దుతారు, నేను దిద్దుకుంటాను. ప్రశ్న అడిగాక లోపల ఐదు లెక్కపెట్టుకుని ఆగుతున్నాను. మూడు దగ్గరే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఇన్నాళ్ళూ నేను ఒకటి దగ్గరే మాట్లాడేసేదాన్ని.

మంగళవారం మల్హోత్రా మేడమ్ చెప్పకుండా వచ్చింది. మామూలు క్లాసులో, నలభై నాలుగు మంది ఉండగా. వెనక కూర్చుని కాగితం తీసింది. కమిటీకి పంపేది అదేనని నాకు తెలుసు. అయినా మొదలుపెట్టాను. ఒక అమ్మాయి నాలుగు రోజులు బస్సు కోసం ఆగిన నిమిషాలు రాశాను: పన్నెండు, ఇరవై ఎనిమిది, పన్నెండు, ఇరవై ఎనిమిది. సగటు ఇరవై. తేడాలు తీయించాను, వర్గాలు చేయించాను, బాగానే సాగుతోంది. చివర్న తిరిగి బోర్డు మీద "స్టాండర్డ్ డీవియేషన్ 64 నిమిషాలు" అని రాసి, కింద గీత కూడా గీశాను.

నా వెనక బెంచీ కదిలిన చప్పుడు.

"మేడమ్, యే కైసే హో సకతా హై?" వైశాలి లేచి నిలబడింది. "ఎక్కువలో ఎక్కువ ఆగిందే ఇరవై ఎనిమిది నిమిషాలు. అరవై నాలుగు నిమిషాల తేడా ఎక్కణ్ణించి వస్తుంది? మీరు వర్గమూలం తీయలేదు."

ఎనిమిది. ఎనిమిది రావాలి. పెదనాన్నా, గోల్డ్ మెడల్ దాన్ని, ప్రిన్సిపల్ ముందు, పదో తరగతి పిల్ల కూడా చేయని తప్పు. వెనక మల్హోత్రా మేడమ్ వంగి ఏదో రాసుకుంటోంది. అయిపోయింది అనుకున్నాను. "నువ్వు చెప్పింది సరైంది. నువ్వే వచ్చి దిద్దు" అని చాక్‌పీసు వైశాలికిచ్చాను. ఆ పిల్ల దిద్దింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. మిగతా పాఠం ఎలా చెప్పానో గుర్తులేదు.

గంట కొట్టాక మేడమ్ తన గదికి రమ్మంది. నేను కూర్చోకముందే మొదలుపెట్టాను, "మేడమ్, ఆ లెక్క తప్పు నాదే, తొందరలో" అని.

"కూర్చోండి. ఒకటడుగుతాను. ఈ రెండేళ్ళలో బోర్డు మీద మీరు ఇంతకు ముందెప్పుడైనా తప్పు రాశారా?"

"రాసే ఉంటాను."

"ఎవరైనా పట్టుకున్నారా?"

ఆలోచించాను. "లేదు మేడమ్."

"ఎందుకు పట్టుకోలేదు?"

ఆవిడ కూడా ఆగింది. ఐదు లెక్కపెట్టి ఉంటుంది.

"ఎవరూ వినడం లేదు కాబట్టి" అన్నాను.

"అచ్ఛా. ఇవాళ విన్నారు" అంది. నా ముందే కాగితం మీద రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, కవర్లో వేసి అంటించింది. "సోమవారం కమిటీ కూర్చుంటుంది. నా మాట వాళ్ళెప్పుడూ కాదనలేదు. మీరు వెళ్ళి పాఠం చెప్పుకోండి. ఆ వర్గమూలం మాత్రం మరిచిపోకండి."

బయటికొస్తే వరండాలో వైశాలి నిలబడి ఉంది, పుస్తకాలు గుండెకి హత్తుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సారీ మేడమ్. ఆవిడ ముందు అనకుండా ఉండాల్సింది. తప్పు కనబడగానే లేచిపోయాను. నావల్ల మీకేమైనా అయిందా?"

"అయింది" అన్నాను. ఆ పిల్ల మొహం చూసి వెంటనే, "మంచే అయింది. రేపు కూడా తప్పు రాస్తే చెప్పు" అన్నాను.

కాసేపు నమ్మనట్టు చూసింది. తరవాత శాలువా సరిచేసుకుని, "ఎనిమిదిన్నరకేనా మేడమ్?" అంది.

మీ
హైమ